చుక్క పెట్టగానే వాక్యమా?

సావనీరుకి పాత విద్యార్థుల తరఫున ఏదైనా వ్రాసి పంపమని యూనియన్ కార్యదర్శిగారు కబురు పెట్టారు. 'యువతరం - బాధ్యతలు', 'విద్యార్థులు - రాజకీయాలు' వంటి పెద్ద విషయాలు వ్రాయగలవారు ప్రతి సంవత్సరం నలుగురైదుగురు వుంటారు. నేను అంత పెద్ద విషయాల జోలికి పోను. ముప్పయ్యేళ్ళకు పైగా డిగ్రీ క్లాసులకి ఇంగ్లీషు చెప్పి, రిటైరయి, మాకవరపాలెంలో మా పాత యింట్లో కూర్చున్నవాణ్ణి. ఉద్యోగం పోయినా చేతిలో ఎర్రసిరా పెన్ను పోలేదు. ఆ పెన్నుతో నేను ఎక్కువసార్లు దిద్దిన తప్పు స్పెల్లింగూ కాదు, టెన్సూ కాదు. వాక్యం పూర్తి కాకుండానే పెట్టేసిన చుక్క.

సెలవు చీటీ తీసుకోండి. ఇంగ్లీషు బడిలో కాలుపెట్టిన ప్రతివాడూ జీవితంలో మొట్టమొదట పనికోసం వ్రాసే ఇంగ్లీషు అదే. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్." అక్కడ చుక్క. తర్వాత పెద్దక్షరంతో కొత్త వాక్యం: "సో ఐ రిక్వెస్ట్ యూ టు గ్రాంట్ మీ లీవ్." మొదటి ముక్క కుంటిది. 'నాకు జ్వరంగా వున్నందున' అని ఆగిపోయాం. వున్నందున ఏమిటి నాయనా? చదివేవాడు యింకా వింటూ వుండగానే మనం తలుపేసేశాం.

ఇక చివర్న "థాంకింగ్ యూ, సర్." దీని కథ తమాషాగా వుంటుంది. పాతకాలపు ఇంగ్లీషు ఉత్తరాల్లో 'తమకు కృతజ్ఞతలు చెప్పుకుంటూ, తమ విధేయ సేవకుడనై వున్నాను' అనే అర్థంతో "థాంకింగ్ యూ, ఐ రిమైన్, సర్, యువర్ ఒబీడియెంట్ సర్వెంట్" అని వ్రాసేవారు. అదంతా ఒకటే వాక్యం, సంతకం దాకా సాగేది. కాలక్రమాన 'ఐ రిమైన్' రాలిపోయింది. మొండెం పోయి తల మిగిలింది. ఆ తలకి మనం యిప్పటికీ దండం పెడుతున్నాం. దాన్ని ఎర్రసిరాతో కొట్టెయ్యమని నేననను. మన ఉత్తరాల్లోని 'ఉభయకుశలోపరి'కి మాత్రం క్రియ ఎక్కడుంది? వాడుకలో అరిగిన మాట వాక్యం కాకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. నా తగాదా వాటితో కాదు.

తగాదా ఎక్కడంటే, ఇంగ్లీషు మేష్టర్లం చెప్పే సూత్రాన్ని మన పిల్లలు తెలుగుకి కూడా తగిలిస్తారు. సూత్రం మీకు తెలిసిందే. కర్త వుండాలి, కాలాన్నీ పురుషనీ తెలిపే క్రియ వుండాలి, దానికి ముందు 'బికాజ్', 'వెన్', 'ఇఫ్' లాంటి మాట గుదిబండలా వేలాడకూడదు. ఇది ఇంగ్లీషుకి చక్కగా సరిపోతుంది. ఇప్పుడు తెలుగు చూడండి. 'ఆయన మా మేష్టారు.' క్రియ లేదు. 'మా వూరు మాకవరపాలెం.' లేదు. 'రేపు సెలవు.' అసలే లేదు. అయినా యివి పూర్తి వాక్యాలు, వీటికి చేర్చవలసింది ఏమీ లేదు. 'వచ్చాను' అనే ఒక్క మాటలో కర్త పైకి కనబడడు గాని 'ను' అనే చివరి అక్షరంలో దాక్కుని వున్నాడు. చేకూరి రామారావుగారు 1975లో వచ్చిన 'తెలుగు వాక్యం'లో క్రియలేని వాక్యాలను తెలుగు సహజ వాక్యాలుగానే లెక్కవేసి చర్చించారు. ఈ సంగతి తెలియని కుర్రవాడు తెలుగులో ఆలోచించి "హీ మై టీచర్" అని వ్రాస్తాడు. 'ఈజ్' యేదిరా అని మేష్టారు కేకలేస్తాడు. ఆ కేకలు తిన్నవాడు తెలుగుకి వ్యాకరణం లేదు కాబోలు అనుకుంటాడు. లేకేం? వుంది. వేరేగా వుంది.

వాక్యం అంటే ఏమిటన్న ప్రశ్న మనవాళ్ళు ఎప్పుడో వేసుకున్నారు. 'తర్కసంగ్రహం' వ్రాసిన అన్నంభట్టు మన ఆంధ్రుడే అంటారు. మూడు వుంటే గాని వాక్యార్థం తెలియదని అందులో వున్నది: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా అంటే వాక్యం కాదు, ఒక మాటకి యింకోదాని అక్కర లేదు గనుక. నిప్పుతో తడపమంటే మాటలు కుదిరినా అర్థం కుదరదు. 'ఆవుని' అని పొద్దున్న అని, 'తీసుకురా' అని సాయంత్రం అంటే ఎవడూ తీసుకురాడు. ఈ మూడింటిలో మన పనికి మొదటిది చాలు. ఆకాంక్ష అంటే ఒక మాట విన్నాక యింకో మాట కోసం మనసు చెయ్యి చాచడం. అది చాచిన చెయ్యి ముడుచుకునేదాకా వాక్యం కాలేదన్నమాట. శాస్త్రం అక్కరలేనివాళ్ళకి మా వైపు యింకా సులువైన పరీక్ష వుంది. చుక్క దగ్గర ఆగి "అయితే?" అని అడగండి. "మా నాన్నకి వొంట్లో బాగులేక." అయితే? జవాబు రావాలనిపిస్తే అది ముక్క. "రేపు సెలవు." అయితే? ఎవరూ అడగరు, సంచి సర్దుకుంటారు. అది వాక్యం.

తెలుగులో నిజమైన ముక్కలు ఎక్కడ పుడతాయంటే, అసమాపక క్రియల దగ్గర. హైస్కూల్లో బట్టీపట్టిన క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం గుర్తున్నాయా? 'వచ్చి', 'వస్తూ', 'వస్తే', 'వచ్చినా'. పరీక్ష అయిన మర్నాడే వాటిని మర్చిపోతాం గాని, యివి మన భాషకి బండి ఇరుసులు. 'లేచి, మొహం కడుక్కుని, చద్దన్నం తిని, పొలం వెళ్ళాడు' అని తెలుగువాడు ఊపిరి తిప్పుకోకుండా నాలుగు పనులు ఒకే క్రియకి కట్టేస్తాడు. ఆ కట్టు చివర్నుంటుంది. మధ్యలో చుక్క పెడితే ముందున్న పనులన్నీ గాల్లో వేలాడతాయి.

అసలు యీ చుక్క మనది కాదు. శాసనాల్లో, తాటాకుల మీద మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా వుండేది కాదు. పద్యానికి నిలువు గీతలుండేవి గాని, వచనంలో వాక్యం ముగిసిందని చెప్పేది చివరి క్రియే. అచ్చుయంత్రంతో పాటు ఇంగ్లీషు పుస్తకాలను చూసి చుక్కా, కామా తెచ్చుకున్నాం. తెచ్చుకుంటే తప్పులేదు, చదవడానికి హాయిగా వుంది. కానీ అరువు తెచ్చుకున్న వస్తువుని ఎక్కడ పెట్టాలో నేర్పినవాళ్ళు తక్కువ. పిల్లలు ఊపిరి ఆగినచోట చుక్క పెడుతున్నారు. మరికొందరు లైను అయిపోయినచోట పెడుతున్నారు.

ఇంతవరకూ చదివినవారు, యిది మేష్టారి చాదస్తం, దీనివల్ల ఎవరికేం పోయింది అనుకోవచ్చు. పోయిన మనిషిని చూశాను కనుకనే యిది వ్రాస్తున్నాను.

మా మండలంలోనే ఒక పల్లె నుంచి ఒకామె, యాభై యేళ్ళు వుంటాయేమో, ఒక అర్జీ నకలు పట్టుకుని మా యింటికి వచ్చింది. వ్రాసింది డిగ్రీ చదువుతున్న ఆమె కొడుకే. ఒక కచేరీలో యిచ్చారు. కొన్నాళ్ళకి 'అర్జీదారు కోరిక స్పష్టముగా లేదు' అని జవాబు వచ్చింది. ఊరి పేర్లు, సర్వే నంబర్లు తీసేసి ఆ అర్జీ సారాంశం యిక్కడ పెడుతున్నాను:

"మా అత్తగారి పేరున గల 2 ఎకరముల పల్లపు భూమి. సదరు అత్తగారు మరణించియున్నందున. నా భర్త కూడా లేనందున. పాసు పుస్తకము నందు వేరొకరి పేరు నమోదు కాబడి. పలుమార్లు తిరిగినప్పటికిని. కావున తమరు దయతలచి."

కింద సంతకం. ఆరు చుక్కలు, ఒక్క వాక్యం లేదు. ఎవరు ఏం చెయ్యాలో చెప్పే క్రియ కాగితం మీద ఎక్కడా లేదు. కచేరీవారి జవాబు కఠినంగా వున్నా, అక్షరాలా చూస్తే అబద్ధం కాదు. ఫోను చేసి అడిగితే రెండు నిమిషాల్లో తేలేది కదా అని నేనంటాను. అది వేరే తగాదా.

"అమ్మా, అసలు సంగతేమిటో నువ్వు చెప్పు" అన్నాను. చెప్పింది. "మా అత్త పేర్న రెండెకరాల పల్లం ఉన్నాది మేస్టారూ. అత్త పోయి అయిదేళ్ళయినాది. ఆ మరుసటేడు మా ఆయనా పోనాడు. ఇప్పుడు సూస్తే పాసుబుక్కులో ఎవలిదో పేరెక్కిపోనాది. నాలుగుసార్లు తిరిగినాను. ఆ పేరు తీసేసి నా పేరెక్కించమని అడుగుతన్నాను, అంతే."

చూశారా? ఆరు వాక్యాలు, ఆరూ పూర్తివి. బడి మొహం చూడని మనిషి. ఎవరు పోయారు, ఎప్పుడు పోయారు, ఏం జరిగింది, ఏం కావాలి, అన్నీ వరసలో వచ్చేశాయి. చదువుకున్న కొడుకు వ్రాసినదాంట్లో ఒక్కటీ రాలేదు. ఆ కుర్రవాడు తెలివితక్కువవాడు కాడు. అతనితోనూ మాట్లాడాను; అమ్మలాగే శుభ్రంగా చెప్పాడు. కాగితం ముందు కూర్చునేసరికి మాత్రం 'మరణించియున్నందున', 'నమోదు కాబడి' అనే మాటలు అతని కలానికి అడ్డం పడ్డాయి. అమ్మ మాట అలాగే వ్రాస్తే ఆఫీసులో నవ్వుతారని భయం. ఆఫీసు భాష అంటే యిలా వుంటుందని ఎక్కడో చూసిన ముక్కలు ఏరుకొచ్చి పేర్చాడు. ఆ ముక్కల్ని ముగించడం ఎలాగో అతనికి ఎవరూ చూపించలేదు. అరువు భాషలో మొదలుపెట్టడం సులువు, ముగించడమే కష్టం.

కాబట్టి నా అభిప్రాయం యిది. మన పిల్లల వ్రాతలో ముక్కవాక్యం ముప్పాతికపాళ్ళు వ్యాకరణం రాకపోవడం వల్ల పుట్టేది కాదు, భయం వల్ల పుట్టేది. నోటితో నిండుగా మాట్లాడేవాడు చేత్తో ముక్కలు వ్రాస్తున్నాడంటే, వాడి నోటి భాష వ్రాతకి పనికిరాదని ఎవరో వాడికి నేర్పారన్నమాట.

ఈ సంగతి కనిపెట్టడానికి నాబోటివాడు అక్కరలేదు. మన వుత్తరాంధ్రలోనే నూరేళ్ళ క్రితం పెద్ద యుద్ధం జరిగింది. పర్లాకిమిడిలో మేష్టరు పని చేసిన గిడుగు రామమూర్తిగారూ, మా పొరుగున యస్.రాయవరంలో పుట్టిన గురజాడ అప్పారావుగారూ, బడిపిల్లలు వ్యాసాలు వాడుకభాషలో వ్రాయవచ్చా కూడదా అన్న తగాదాని మద్రాసు దాకా తీసుకువెళ్ళారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. గిడుగువారైతే గ్రాంథికంలోనే వ్రాయాలని పట్టుబట్టిన పండితుల పుస్తకాలే తీసుకుని, వాటిలో గ్రాంథిక వ్యాకరణానికి విరుద్ధమైన ప్రయోగాలు ఏరి ఏరి చూపించారు. పండితులకే పట్టుబడని భాష పిల్లలకెలా పట్టుబడుతుందన్నది ఆయన ప్రశ్న. పత్రికలు మారాయి, పుస్తకాలు మారాయి, పరీక్షలు మారాయి. అర్జీ ఒక్కటే మారలేదు. ఏటా ఆగస్టు 29న గిడుగువారి పుట్టినరోజని తెలుగు భాషా దినోత్సవం చేసి దండలు వేస్తాం. ఆ దండలు కొన్న బిల్లు మీద కూడా 'చెల్లింపు నిమిత్తము' అని వ్రాస్తాం.

'నిమిత్తము' అన్నాను గనుక ఒక మాట. ముక్కవాక్యాలు కింద నుంచి పైకి వెళ్ళేవే కాదు, పై నుంచి కిందకి వచ్చేవీ వున్నాయి. అర్జీ మీద అధికారి వ్రాసేది ఏమిటి? 'తగు చర్య నిమిత్తం'. ఇంగ్లీషులో 'ఫర్ నెసెసరీ యాక్షన్'. అయితే? ఎవరు చెయ్యాలి, ఎప్పటిలోగా చెయ్యాలి, చెయ్యకపోతే ఏమవుతుంది? క్రియ లేదు గనుక కర్తా లేడు, కాలమూ లేదు. ఆ కాగితం బల్ల మీద నుంచి బల్ల మీదకి పోతుంది. ఇక్కడ తేడా గమనించండి. బీదవాడి ముక్కవాక్యం వాణ్ణి ముంచుతుంది. పైవాడి ముక్కవాక్యం పైవాణ్ణి కాపాడుతుంది. 'నేను ఫలానా తేదీలోగా యిది చేయిస్తాను' అని పూర్తివాక్యం వ్రాస్తే రేపు ఎవరైనా పట్టుకుంటారు. ఈ రెండో రకం ముక్కల్ని గుర్తుపట్టడం కూడా చదువుకున్నవాడి పనే. అర్జీ యిచ్చి వచ్చినవాడు 'తగు చర్య' అన్న అక్షరాలు చూసి సంతోషపడి యింటికి రాకుండా, "ఎవరు చేస్తారండీ?" అని అడగాలి. మా అనకాపల్లి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాక విశాఖపట్నం దాకా పోనక్కరలేదు. సోమవారం అనకాపల్లి వెళ్ళి కలెక్టరేటులోనే అర్జీ యివ్వవచ్చు. దారి దగ్గరయింది. కాగితం మీది మాట కూడా దగ్గర కావద్దూ?

ఆమె అర్జీని కొడుకు చేతే తిరిగి వ్రాయించాను. నేను చేసిందల్లా ఒకటే. ప్రతి చుక్క దగ్గరా వేలు పెట్టి "అయితే?" అన్నాను. కొన్నిచోట్ల చుక్క తీసేస్తే చాలింది, ముక్క వెనక ముక్కకి అతుక్కుపోయింది. కొన్నిచోట్ల తోక మార్చాం. 'మరణించియున్నందున' కాస్తా 'మరణించారు' అయింది. అంతే, దానంతటది నిలబడింది. చివరి ముక్కకి మాత్రం లేని సగాన్ని తెచ్చిపెట్టవలసి వచ్చింది, అదే అసలు కోరిక:

"మా అత్తగారి పేరున 2 ఎకరాల పల్లపు భూమి ఉంది. ఆమె అయిదేళ్ళ క్రితం మరణించారు. మరుసటి సంవత్సరం నా భర్త కూడా మరణించారు. ఇప్పుడు పాసు పుస్తకంలో ఆ భూమి వేరొకరి పేరున నమోదై ఉంది. ఈ విషయమై నాలుగుసార్లు ఆఫీసుకి వచ్చాను. విచారణ చేసి, ఆ పేరు తొలగించి, వారసురాలిగా నా పేరు నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను."

ఇందులో అలంకారం లేదు, పాండిత్యం లేదు. అమ్మ చెప్పిన మాటలే, కాస్త బట్ట మార్చుకుని నిలబడ్డాయి. పాసు పుస్తకం సంగతి యింకా తేలలేదు. వాక్యం పూర్తయితే పని పూర్తవుతుందని నేనెవరికీ హామీ యివ్వను. 'కోరిక స్పష్టముగా లేదు' అనే జవాబు మాత్రం మళ్ళీ రాలేదు.

ఒక జాగ్రత్త. చుక్కలన్నీ తీసెయ్యమన్నారు కదా అని తీసేసుకుంటూ పోతే యింకో జబ్బు పట్టుకుంటుంది. పాత క్రయదస్తావేజులు చదివారా? 'వ్రాయించి యిచ్చిన క్రయ దస్తావేజు ఏమనగా' అని ఎత్తుకుని, తూర్పు హద్దు, పడమర హద్దు, గట్టు మీద తాటిచెట్టుతో సహా రెండు పేజీలు లాగి, చివరికి ఎప్పుడో ఆపుతారు. అందులో ముక్కలు లేవు నిజమే; చదివేవాడికి ఊపిరీ లేదు. సంగతి ముగిసినచోట వాక్యాన్నీ ముగించాలి. ఎక్కువకీ తక్కువకీ అదే కొలత.

ఇప్పుడు లెక్చరర్ మిత్రులకి కోపం వచ్చే మాట ఒకటి చెప్పాలి. మనం పిల్లలకి ముక్కలు వ్రాయడం నేర్పుతున్నాం. 'పాయింట్లు వ్రాయండి, మార్కులు పడతాయి' అని మనమే అంటాం. గైడ్లలో పాయింట్లు, నోట్సులో పాయింట్లు. మా నర్సీపట్నం ప్రాంతపు చరిత్రే తీసుకుంటాను. 1922 మన్యం తిరుగుబాటుకి కారణాలు వ్రాయమంటే పేపర్లో యిలా వుంటుంది: "అటవీ చట్టాలు. రోడ్డు పని. తక్కువ కూలి. ముత్తాదారుల అసంతృప్తి. బాస్టియన్." ఐదు చుక్కలు, ఐదు టిక్కులు, ఐదు మార్కులు. బాస్టియన్ ఎవరు? మనిషా, చట్టమా, ఊరా? వ్రాసినవాడికి తెలుసో లేదో దిద్దినవాడికి తెలియదు, అయినా మార్కు వేశాడు.

అదే పూర్తివాక్యంలో వ్రాయమనండి. 'గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు మన్యంలోకి వేస్తున్న రోడ్డు పనికి కొండజనాన్ని బలవంతాన పెట్టి, న్యాయమైన కూలి యివ్వకుండా చేయించాడు. 1882 అటవీ చట్టం వల్ల పోడు సేద్యానికి అప్పటికే అడ్డంకులు వచ్చివున్నాయి. ఈ కోపాలన్నీ అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో కలిశాయి; 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి జరిగింది.' ఇక్కడ ఎవడు ఏం చేశాడో చెప్పకుండా తప్పించుకోవడానికి వీల్లేదు. 'తక్కువ కూలి' అన్నప్పుడు కూలి దానంతటదే తగ్గినట్లుంటుంది. 'కూలి యివ్వకుండా చేయించాడు' అనగానే ఒక మనిషి కనబడతాడు. 'వల్ల', 'అయినా', 'అప్పటికే' అనే చిన్నమాటలు వాడాలంటే ఒక సంగతికీ మరో సంగతికీ వున్న సంబంధం వ్రాసేవాడికి తెలిసి వుండాలి. పాయింట్లలో ఆ కష్టం లేదు. అందుకే పిల్లలకి అవంటే యిష్టం. దిద్దడం సులువు గనుక మనకీ యిష్టం.

"కట్టలకు కట్టలు పేపర్లు దిద్దాలి, ప్రతివాడి వాక్యం పట్టుకుని కూర్చుంటే తెల్లారుతుంది" అంటారు. ఆ బాధ నాకు తెలియనిది కాదు. అందుకే ఇంగ్లీషులో పెద్ద పెద్ద పారిభాషిక పదాలు వ్రాయమని నేననను. క్లాసు పరీక్షల్లోనైనా, మార్జిన్‌లో "అయితే?" అని మూడక్షరాలు వ్రాసి కాగితం తిరిగి యివ్వండి. జవాబు వాడే వెతుక్కుంటాడు.

ముక్కలన్నీ పాపం కాదు. సంభాషణలో అవి సహజం. "ఎక్కడికి?" "నర్సీపట్నం." ఇద్దరికీ అర్థమైంది, అడిగినవాడి ఆకాంక్ష పక్క మాటతోనే తీరింది. 'కన్యాశుల్కం'లో పాత్రలు సగం సగం మాటలతోనే సంసారాలు కూలుస్తాయి, ఏ ఒక్కటీ అర్థం కాకుండా పోదు. పత్రికలో 'నర్సీపట్నంలో భారీ వర్షం' అని హెడ్డింగు పెడితే క్రియ కోసం ఎవరూ వెతకరు. సెల్‌ఫోన్ సందేశాల మీద పెద్దవాళ్ళు మండిపడుతుంటారు గాని, 'బస్సులో వున్నా, లేటు' అని తల్లికి కొట్టిన కుర్రవాడు భాషని పాడుచేస్తున్నాడని నేననుకోను. ఆ తల్లికి అది చాలు. అవే ముక్కలు ఉద్యోగపు దరఖాస్తులోకి దూరినప్పుడే నాకు బెంగ.

కథలు వ్రాసే చిన్న మిత్రులకి యింకొక్క మాట. పాత సావనీర్లు తిరగేస్తే ఏ యేడు చూసినా ఒక కథ వుంటుంది. "చీకటి... నిశ్శబ్దం... ఆమె... కళ్ళల్లో... ఏదో..." ఒక్కో మాటకి మూడేసి చుక్కలు. చలంగారు ఆగినచోట మనసు ఆగుతుంది గనుక ఆయనకి చెల్లింది. మనం ఆగినచోట చెప్పడానికేమీ లేదని పాఠకుడికి తెలిసిపోతుంది. ఆ 'ఏదో' ఏమిటో ముందు తేల్చుకుని, అప్పుడు కావాలంటే దాచండి.

చివరిగా యూనియన్ వారికే ఒక విన్నపం. ఈ వ్యాసం అడిగిన కబురుతోపాటు వార్షికోత్సవం నోటీసు కూడా ఒకటి పంపారు. 'విద్యార్థినీ విద్యార్థులు, అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు యావన్మందీ విచ్చేసి జయప్రదం చేయవలసిందిగా.' కింద కార్యదర్శి సంతకం. వచ్చే యేడు నోటీసుకి 'కోరుతున్నాం' అన్న ఒక్క మాట చేర్చండి. అచ్చుకూలివాడు దానికి వేరే డబ్బులడగడు. నేనైతే యీసారికి ఆ మాట నేనే వేసుకుని చదువుకున్నాను. వస్తున్నాను.